షాంటీ: పాకకు ఒక వేరు, పాటకు ఒక వేరు

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో ‘షాంటీ’ అనే ఆరోపం, అంటే మాటా దాని అర్థాలూ ఉన్న పద్దు, పాత పద్ధతిలో రాస్తే ఒక్క గీతలో అయిపోతుంది: ‘షాంటీ: గుడిసె, పాక, నావికుల పాట’. ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా చదివినవాణ్ణి దారి తప్పిస్తుంది. ఒకే మాటకు రెండర్థాలున్నాయనీ, ఒకదాంట్లోంచి ఇంకోటి పుట్టి ఉంటుందనీ అనుకుంటాడు. అనువాదకుడి తిప్పలు ఇంకా ఎక్కువ. కెనడా అడవుల్లో చెట్లు కొట్టేవాళ్ళ షాంటీనీ, ఆస్ట్రేలియాలో లైసెన్సు లేకుండా సారా పోసే షాంటీనీ, నగరం అంచున రేకులతో లేచిన షాంటీనీ అన్నిటినీ గుడిసె అనే రాసేస్తాడు. ‘షాంటీమన్’ ఎదురైతే మాత్రం అది గుడిసెవాడా, పాటగాడా అన్నది ఈ ఒక్క గీత చెప్పదు. నిఘంటువు కోసం ఈ ఆరోపాన్ని మేం విప్పి, రెండుగా చీల్చి, మళ్ళీ కట్టిన పద్ధతి ఇది.

ఇలాంటి చిక్కు మనకు కొత్తది కాదు. మన ‘పాడు’నే చూడండి. పాట పాడు అన్నా అదే మాట, పాడుపడ్డ కొంప అన్నా అదే మాట. ఒక పక్క పాట, ఒక పక్క కూలిపోతున్న ఇల్లు. అచ్చం షాంటీ పరిస్థితే. శిథిలమైన ఇంట్లో కూర్చుని పాడుకున్నారు కాబట్టి పాడు అయిందని ఎవరైనా కథ అల్లితే వినడానికి బాగానే ఉంటుంది. తమిళాన్ని పక్కన పెట్టుకుంటే ఆ కథ నిలవదు. గానానికి అక్కడ ‘పాడు’, శిథిలానికి ‘పాఴ్’. తమిళంలో ఏఴు అన్నచోట మనకు ఏడు, కోఴి అన్నచోట కోడి. చోఴులు తెలుగునాట చోడులు. అలాగే పాఴ్ ఉన్నచోట మనకు పాడు. తొలినాటి తెలుగు శాసనాల్లో ఈ ఴకారానికి విడి అక్షరం ఉండేది. ఆ ధ్వని డకారంలో కలిసిపోయాక, పుట్టుకలో సంబంధం లేని రెండు మాటలు ఒకే వేషంలో మిగిలాయి. షాంటీ విషయంలో మన తమిళం స్థానం ఫ్రెంచిది.

పాక వైపు సాక్ష్యం

ఏ మాటకైనా ముందు చేయాల్సిన పని తేదీ, చోటు, మాట వాడినవాడి వృత్తి, ఈ మూడూ ఒక చీటీ మీద రాసుకోవడం. అర్థం నాలుగోది. దాన్ని ముందే రాసుకుంటే మిగతా మూడూ దానికి తగ్గట్టు వంగిపోతాయి.

ఇల్లు అనే అర్థంలో షాంటీకి తొలి సాక్ష్యం 1820 నాటిది, ఉత్తర అమెరికాది. ఓహియో ప్రాంతంలో తిరిగిన జెరా హాలీ అనే ప్రయాణికుడు, ఇక్కడివాళ్ళు షాంటీ అనేదాంట్లో ఉంటున్నారని రాశాడు. అది సుమారు 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పున్న గూడు, ఆకారంలో పశువుల కొట్టంలాంటిదని వివరించాడు. అడుగుల లెక్క కన్నా విలువైనది ‘ఇక్కడివాళ్ళు అనేది’ అన్న ముక్క. మాట అతనికి కొత్త, చదివేవాళ్ళకూ కొత్తే అవుతుందని అతనికి తెలుసు. అంటే ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న పాత మాట కాదు, అక్కడి నేలమీద అప్పుడే వినబడుతున్న మాట.

పక్కనే కెనడా ఉంది. అక్కడి ఫ్రెంచిలో ‘షాంతియే’ అంటే అడవిలో చెట్లు కొట్టేవాళ్ళ మకాం. ఒట్టావా నది మీదుగా క్యూబెక్‌కు తొలి కలప తెప్ప 1806లో వెళ్ళింది. దాన్ని నడిపించినవాడు ఫిలెమన్ రైట్. ఆ తరవాత దశాబ్దాల పాటు చలికాలమంతా మనుషులు అడవిలోనే ఉండి చెట్లు కొట్టేవాళ్ళు, మంచు కరిగాక దుంగల్ని నీళ్ళలోకి దించేవాళ్ళు. వాళ్ళుండే షాంటీని గుడిసె అంటే తప్పు ఎందుకో దాని కట్టడం చూస్తే తెలుస్తుంది. గోడలు ఒకదాని మీద ఒకటి పేర్చిన దుంగలు. నట్టనడుమ ఇసుక పోసి దాని మీద ఆరని నెగడు. పొగ పోవడానికి కప్పులో పెద్ద కన్నం. ఆ పొయ్యిని కంబూస్ అనేవాళ్ళు. అది ఓడలో వంటగదికి వాడే మాటకు చుట్టం. గోడల వెంట పడకలు. నలభై, యాభై మంది దాకా ఒకే కప్పు కింద పడుకునేవాళ్ళు. కప్పు వేసే తీరు మన నాటుపెంకు తీరే. దుంగను నిలువునా చీల్చి, లోపలంతా తొలిచి దోనెలా చేసి, ఒక వరస వెల్లకిలా, దాని అంచుల మీద ఇంకో వరస బోర్లా పరిచేవాళ్ళు. నీళ్ళు వెల్లకిలా ఉన్న దోనెల్లోంచి జారిపోతాయి. పైన గడ్డి లేదు, ఆకు లేదు. తాటాకు కప్పు కళ్ళముందు మెదిలే ‘పాక’గానీ ‘పూరిల్లు’గానీ దీనికి నప్పవు. ‘దుంగల బస’ అని తేల్చాం.

షాంతియే అనే ఫ్రెంచి మాటకు అసలు అర్థం ఇల్లు కాదు. కలప పేర్చే అడితి, ఓడను కట్టేటప్పుడు కింద పెట్టే ఆధారపు దిమ్మలు, ఆ దిమ్మలుండే, ఓడలు కట్టే చోటు. ఈ వరసలో అర్థాలు నడిచాయి. ఇంకా వెనక్కి వెళ్తే లాటిన్‌లో ‘కాంతేరియుస్’. దానికి వాసం, పందిరి గుంజ అనే అర్థాలతో పాటు బరువు మోసే గుర్రం అనే అర్థం కూడా ఉంది. బరువు గాడిదను చెప్పే గ్రీకు మాట దాని వెనకాల ఉంది. బరువు మోసే కొయ్యకు బరువు మోసే జంతువు పేరు పెట్టడం యూరప్ భాషల్లో మామూలే. చిత్రకారుల పట నిలిపే కొయ్యకు ఇంగ్లీషులో ఉన్న ‘ఈజిల్’ డచ్చివాళ్ళ గాడిదే.

ఐరిష్ వాదం కూడా ఉంది. ఐరిష్‌లో ‘షాన్’ అంటే పాత, ‘టీ’ అంటే ఇల్లు. కలిపితే షాన్‌టీ, పాత ఇల్లు. పలుకు ఎంత చక్కగా అతుకుతుందంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగకూడదు. కాలవలు తవ్వే పనులకూ రైలు పట్టాల పనులకూ వచ్చిన ఐరిష్ కూలీలు షాంటీల్లో ఉన్న మాట నిజం. బీద ఐరిష్ కుటుంబాలను ఆ పేరుతో ఎత్తిపొడవడం కూడా అమెరికాలో జరిగింది. కానీ మాట పుట్టాక దాన్ని వాడినవాళ్ళను, మాట పుట్టించినవాళ్ళుగా లెక్కవేయడం వ్యుత్పత్తిలో అందరూ చేసే పొరపాటు. తొలి సాక్ష్యాలు కెనడా సరిహద్దు వైపు మొగ్గుతున్నాయి, తొలి అర్థాలు కలప పనికి అతుకుతున్నాయి. అందుకే షాంతియేను ముందు పెట్టి, ఐరిష్‌ను ‘ఇలా అనేవారూ ఉన్నారు’ అని ఒక వాక్యంలో సరిపెట్టాం. ఐరిష్ ఇళ్ళల్లో ఆ పోలిక మాటను నిలబెట్టడానికి తోడ్పడి ఉండొచ్చు; పుట్టుకకు అది చాలదు.

పాట వైపు సాక్ష్యం

ఇక్కడ చీటీలు 36 ఏళ్ళు ఆలస్యంగా మొదలవుతాయి. 1856లో అచ్చయిన తన ఓడ జ్ఞాపకాల్లో చార్లెస్ నార్డాఫ్, అలబామాలోని మొబీల్ రేవులో పత్తి బేళ్ళను ఓడ గర్భంలో కుక్కే ముఠాలను వర్ణిస్తాడు. పెద్ద ఇనప మరల జాకీలతో బేళ్ళను నొక్కుతారు. ముఠా పెద్ద పాట ఎత్తుతాడు, మిగతావాళ్ళు చరణం చివర వంత అందుకుంటారు, వంత ముగిసేచోట మర పిడిని ఒక్క గుంజు గుంజుతారు. ఆ పెద్దకు నార్డాఫ్ వాడిన పేరు ‘చాంటీమన్’. తర్వాత 1867లో ఇంకో నావికుడి పుస్తకంలో ‘చాంటీ’ కనిపిస్తుంది. 1868లో ఒక లండన్ వారపత్రిక వ్యాసం శీర్షికలోనే షకారంతో ‘షాంటీలు’ అని అచ్చయింది.

మాట ఆలస్యంగా వచ్చిందంటే పాటలు లేవని కాదు. 1834–36లో ఓడ మీద మామూలు నావికుడిగా పనిచేసిన రిచర్డ్ హెన్రీ డేనా 1840లో రాసిన పుస్తకంలో తాళ్ళు లాగేటప్పటి పాటలున్నాయి, షాంటీ అనే మాట మాత్రం లేదు. వస్తువు ముందు, పేరు తరవాత. ఈ తేడాను వ్యుత్పత్తిలో చెప్పకపోతే పాటలే 1856లో పుట్టాయనే అపోహ వస్తుంది.

పేరు ఎక్కణ్ణుంచి? ఇంగ్లీషులోనే ‘చాంట్’ ఉంది కదా అంటే, దాని మొదటి ధ్వని చకారం. నావికుల నోట ఈ మాట ఎప్పుడూ షకారమే. చ అని రాసి ష అని పలికే అలవాటు ఫ్రెంచిది. ఫ్రెంచిలో ‘షాంతే’ అంటే పాడండి అని ఆజ్ఞ. మొబీల్‌ను 1702లో, న్యూ ఆర్లీన్స్‌ను 1718లో నిలబెట్టింది ఫ్రెంచివాళ్ళే కాబట్టి ఆ రేవుల్లో ఒక ఫ్రెంచి కేక పని మాటగా స్థిరపడటం ఊహకు అందే విషయమే. అయినా చీటీ మీద ‘బహుశా’ అనే రాశాం, ఎందుకంటే ఆ కేక పాట పేరుగా మారిన క్షణాన్ని పట్టి చూపే రాత ఏదీ మా చీటీల్లో లేదు. అక్కడ పాట అల్లినవాళ్ళలో నల్లజాతి కూలీల పాత్ర పెద్దది; ఒకరు పిలవడం, గుంపు బదులివ్వడం అనే కట్టుబాటు ఓడ పాటల్లోకి వచ్చిన దారుల్లో అదొకటి. దీన్ని మాట పుట్టుకతో కలిపి గందరగోళం చేయకూడదు. పాట సంప్రదాయం ఒకరిది, దానికి అంటుకున్న పేరు ఇంకొకరిది కావొచ్చు.

రాత మీద తగువు చాలాకాలం నడిచింది. జానపద గేయాలు సేకరించిన సెసిల్ షార్ప్ 1914 నాటి తన సంకలనంలో చకారపు రాతనే వాడాడు. రిచర్డ్ టెర్రీ 1921 నాటి తన షాంటీల పుస్తకంలో షకారానికి కట్టుబడ్డాడు. 1929లో దెబ్బతిని మునిగిన గార్త్‌పూల్ అనే ఓడ మీద స్వయంగా పాటలెత్తిన స్టాన్ హ్యూగిల్ కూడా 1961 నాటి తన షాంటీల పుస్తకంలో షకారమే రాశాడు. అమెరికన్ నిఘంటువుల్లో చకారపు రాత ఇప్పటికీ ముందుంది. కాబట్టి తెలుగు నిఘంటువులో రెండో రాత నుంచి ఇక్కడికి దారి చూపించడం తప్పనిసరి. పలుకు మాత్రం రెండింటికీ ఒకటే.

కలిపేయాలనే ఆశ

రెండింటినీ ఒకే తల్లి పిల్లలు చేసే వాదాలు కొన్ని ఉన్నాయి. వాటిలో అందమైనది వెస్టిండీస్ వాదం. అక్కడి చెక్క ఇళ్ళను తాళ్ళు కట్టి ఒకచోటు నుంచి మరోచోటుకు లాగేవారట. ఇంటి కప్పు మీద ఒకడు కూర్చుని పాట ఎత్తేవాడట. ఇంటి పేరే పాటకు వచ్చిందట. దృశ్యం కళ్ళకు కడుతుంది. కానీ మాట తొలి సాక్ష్యం పత్తి జాకీల దగ్గర ఉంది, ఇళ్ళ దగ్గర కాదు. రెండో వాదం కలపది: ఎండాకాలం క్యూబెక్‌లో కలప ఎక్కించే కూలీలు చలికాలం దక్షిణ రేవుల్లో పత్తి పనికి దిగేవాళ్ళు కాబట్టి అడవి షాంటీమన్ ఓడ షాంటీమన్ అయ్యాడని. మనుషులు అటూ ఇటూ తిరిగిన మాట నిజం. అర్థం తిరిగినట్టు సాక్ష్యం లేదు. అడవి షాంటీమన్ అంటే షాంటీలో ఉండే ఎవరైనా. ఓడ షాంటీమన్ అంటే పాట ఎత్తే ఒక్కడు. ముఠా అంతా ఒక వైపు, ముఠాలో ఒకడు ఇంకో వైపు.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. లాటిన్ దాకా వెళ్ళాక కూడా రెండు మాటలూ ఒకేలా కనిపిస్తాయి: ఇంటి వైపు కాంతేరియుస్, పాట వైపు ‘కాంతారే’. ఇంత పోలిక చూశాక సగం దారిలో కలిపేయబుద్ధి అవుతుంది. మొదటిదాని వెనక గాడిద, రెండోదాని వెనక గానం. అవి ఏ మెట్టు మీదా కలవలేదు. అందుకే రెండు ఆరోపాలు, విడి సంఖ్యలు.

తెలుగు మాట వెతకడం

మొదటి షాంటీకి ఒకే సమానార్థకం పెట్టాలని చూడటమే మొదటి పొరపాటు. పూరి అంటే గడ్డి కాబట్టి పూరిల్లు గడ్డికప్పుకే. పాక, గుడిసె కూడా ఆకునీ గడ్డినీ గుర్తు చేస్తాయి. నగరపు షాంటీ రేకు ముక్కలతో, పాత చెక్కలతో, ప్లాస్టిక్ పట్టాలతో కట్టింది; దానికి ‘రేకుల గుడిసె’ బాగా కుదిరింది, ఎందుకంటే గుడిసె అనే మాటలోని చిన్నతనం ఉంటుంది, రేకులు అన్న ముక్క వస్తువును చెబుతుంది. సారా పోసే ఆస్ట్రేలియా షాంటీకి మనకు సిద్ధంగా ఉన్న మాట కల్లుపాక. కల్లు కాదు కాబట్టి ‘సారా పాక’ అని మార్చాం. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి నిలిపే షాంటీకి మన దగ్గర వస్తువే లేదు. ‘మంచు మీది చెక్క గది’ అని వివరించడం తప్ప దారి లేదు. షాంటీ టౌన్‌ను ‘మురికివాడ’ అనకూడదని గట్టిగా పట్టుబట్టాం. మురికివాడ స్లమ్‌కు స్థిరపడిన మాట. పాత పక్కా భవనాలు కూడా అందులోకి రావొచ్చు. షాంటీ టౌన్ అంటే జనం తమ చేతులతో దొరికినదాంతో కట్టుకున్నది. ‘గుడిసెలవాడ’ ఆ విషయం చెబుతుంది, అక్కడివాళ్ళ మీద తీర్పు చెప్పదు. హైదరాబాద్ ‘బస్తీ’ ఇంకా మర్యాదైన మాటే గానీ, దాని మూలార్థం జనం నివసించే చోటు, కట్టడం గురించి ఏమీ చెప్పదు.

రెండో షాంటీకి ‘పడవ పాట’ తేలిగ్గా నోటికి వస్తుంది. మన పడవ పాట తెడ్డు వేస్తూ, గడ వేస్తూ, ఒక్కోసారి ఊరికే తీరిక వేళ పాడేది. షాంటీ పెద్ద తెరచాప ఓడ మీద పనికి కట్టిన పాట. పని లేకపోతే అది షాంటీ కాదు. తీరికలో పాడుకునే పాటలను నావికులే విడిగా చూసేవాళ్ళు. యుద్ధ ఓడల మీద బ్రిటిష్ నౌకాదళం ఇలాంటి పాటలను ఒప్పుకునేది కాదు, ఈలతో, ఫిడేలుతో పని నడిపేది. కాబట్టి ‘నావికుల పాట’ అన్నా మరీ వెడల్పే. ‘ఓడ పనిపాట’ అని పెట్టాం. దంపుళ్ళ పాట, ఏతం పాట, నాట్ల పాట ఉన్న భాషకు ఈ మాట కట్టు కొత్తగా అనిపించదు. వృత్తి మాటల కోసం ఇంట్లో కూర్చుని సమాసాలు కట్టే ముందు వృత్తి పదకోశాలు తిరగేయాలి. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయంతో మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం చూపిన దారి అదే. షాంటీమన్‌కు ‘పాట ఎత్తేవాడు’, మిగతావాళ్ళ ముక్కకు ‘వంత’. తీరంలో అలివి వలను రెండు తాళ్ళ కొసలూ పట్టి రెండు జట్లు లాగేటప్పుడు వినబడే హైలెస్సా, తెరచాప ఎత్తే షాంటీకి మన దగ్గరున్న అత్యంత దగ్గరి బంధువు.

2021 జనవరిలో సోషల్ మీడియా అంతా మోగిన ‘వెల్లర్‌మాన్’ ఈ నిర్వచనానికి మంచి పరీక్ష. అది తిమింగలాల వేటకు వెళ్ళినవాళ్ళ కథాగేయం, న్యూజిలాండ్‌ది. తాడు లాగడానికి కట్టింది కాదు. లోకం మాత్రం దాన్ని షాంటీ అనే పిలిచింది. వాడుకను కాదనడానికి నిఘంటువుకు హక్కు లేదు. కాబట్టి రెండో ఆరోపం కింద రెండు అర్థాలు: ఒకటి పనిపాట, రెండు విస్తృతార్థంలో ఏ సముద్రపు జానపద గేయమైనా.

పాటగా తెలుగు చేస్తే

ఉదాహరణ వాక్యం కోసం ఒక షాంటీ పంక్తిని తెలుగులో కట్టాల్సి వచ్చినప్పుడు అసలు చిక్కు బయటపడింది. తెరచాపను ఎత్తే తాడు పాటలో ఒక్కడు పంక్తి పాడేటప్పుడు జట్టు ఊపిరి తీసుకుంటుంది, వంతలో రెండుసార్లు గుంజుతుంది. లంగరు ఎత్తేటప్పుడు నిలువు దిమ్మకు గుచ్చిన కర్రలను రొమ్ములతో తోస్తూ గానుగెద్దుల్లా తిరుగుతారు కాబట్టి అక్కడి వంత పొడవు, నడక ఎడతెగనిది. ఏ పనికి ఏ పాటో తెలుసుకోకుండా అర్థం మాత్రమే తెలుగు చేస్తే, పాడటానికి వస్తుంది, లాగటానికి రాదు.

ఇంగ్లీషులో గుంజు ఊనిక ఉన్న అక్షరం మీద పడుతుంది. తెలుగు మాటకు ఆ ఊనిక లేదు, మనకున్నది ఛందస్సులోని గురువు, అంటే రెండు మాత్రల అక్షరం. కాబట్టి గుంజు పడేచోట దీర్ఘం ఉండాలి, గణం మొదట్లో ఉండాలి. చతురశ్రంలో, నాలుగేసి మాత్రలతో ఇలా కట్టాం. ఎత్తేవాడు: ‘తూరుపు గాలులు తోసుకు వచ్చెను’. వంత: ‘హైలో లాగర, హైలో తాడును’. గుంజులు ‘లా’ మీద, ‘తా’ మీద. వాటి మధ్య ఎనిమిది మాత్రలు. తాడు మీద చేతులు ముందుకు మార్చుకోవడానికి ఆ ‘హైలో’ చాలు. దీనికి ముందు కట్టిన వంత ‘అందరు కలసి తాడును లాగుదాం’. అర్థం బాగుంది. కానీ ‘కలసి’ మూడు లఘువులు, ఒక మాత్ర తక్కువ. ‘తాడును’ ఒక మాత్ర ముందే వచ్చేస్తుంది. పాటగాడు రాగం సాగదీసి సర్దుకుంటాడు, తాడు పట్టిన ఇరవై మందిలో పదిమంది ముందు గుంజి పదిమంది వెనక గుంజుతారు. తెరచాప కదలదు.

రాత విషయం చివరిది. ‘శాంటి’ అని రాస్తే శాంతి అని చదివేస్తారు. షకారం, టకారం, చివర దీర్ఘం మూడూ ఉండాలి. మొదటి అచ్చు ఇంగ్లీషులో మన ‘వచ్చాడు’లో పలికే ‘చా’కు దగ్గర, కాబట్టి ‘ష్యాంటీ’ పలుకుకు ఇంకా దగ్గరే. కానీ అచ్చులో ‘షాంటీ’ అలవాటైంది కనక దాన్నే ఉంచి, పలుకు విడిగా చూపాం. అచ్చుకు వెళ్ళిన రూపం:

షాంటీ 1, నామవాచకం. చేతికి దొరికినదాంతో కట్టిన చిన్న ఇల్లు, రేకుల గుడిసె. కెనడాలో దుంగల బస. ఆస్ట్రేలియాలో సారా పాక. షాంటీ టౌన్: గుడిసెలవాడ. షాంటీమన్: దుంగల బసలో ఉండే చెట్లుకొట్టేవాడు. బహుశా కెనడా ఫ్రెంచి షాంతియే నుంచి. ఐరిష్ షాన్‌టీ అనేవారూ ఉన్నారు.

షాంటీ 2, నామవాచకం. చాంటీ అనీ రాస్తారు, పలుకు షకారమే. ఓడ పనిపాట, ఒకరు ఎత్తగా జట్టు వంత పాడుతూ లాగేది, తోసేది; విస్తృతార్థంలో సముద్రపు జానపద గేయం. షాంటీమన్: పాట ఎత్తేవాడు. బహుశా ఫ్రెంచి షాంతే, ‘పాడండి’ నుంచి. షాంటీ 1తో సంబంధం లేదు.